ఫెర్న్ చివర్లు మాడితే ముందు చెంబు కింద పెట్టు అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన ఫెర్న్ మొక్క ఫోటో నా ఫోన్లో సరిగా కనపడకపోతే మీ పెదనాన్న ఫోన్లో పెద్దది చేసుకుని చూశా. సంక్రాంతికి నువ్వు తీసుకుపోయేటప్పుడు గొడుగు మాదిరి విరగబూసినట్టు ఉండిందా, ఉగాది రాకముందే చీపురుకట్ట చేసి కూర్చోబెట్టావు. సరే అదట్టా ఉంచు, నాకు భయమేసింది ఫోటో చూసి కాదు, దాని కింద నువ్వు రాసిన మాట చూసి, రెండు పూట్లా పోస్తన్నా పెద్దమ్మా అయినా ఎండిపోతంది అని. ఎండినట్టు కనపడిన ప్రతిదీ నీళ్ళు చాలక కాదే తల్లీ. ఇంకో పదిరోజులు అట్టానే పోస్తే వేర్లు కుళ్ళి అప్పుడు నిజంగానే పోద్ది.

ముందు చెంబు కింద పెట్టి, మాడు ఏడ మొదలైందో చూడు. చివర్లు మాత్రమే సన్నగా కాలినట్టు ఉండి లోపలంతా పచ్చగా ఉందంటే గాలి పొడిగా ఉన్నట్టు, లేకపోతే నీళ్ళల్లో ఉప్పు. మట్ట మొత్తం కరకరలాడతా ముట్టుకుంటే రాలిపోతంటే కుండీ లోపల ఎండిపోయినట్టు. కింద మట్టలు పసుపు తిరిగి మెత్తగా వాలిపోయి, మట్టి వాసన చూస్తే మురిగిన కంపు కొడతంటే నీళ్ళు ఎక్కువైనట్టు. కిటికీ వైపున్న ఆకులే తెల్లబారి మాడితే ఎండ తగిలినట్టు. ఇంక అడుగున ఒకటో రెండో ముసలి మట్టలు ఎండాయంటే అది రోగమే కాదు, వాటి టైమ్ అయిపోయింది అంతే, కత్తిరించి పారెయ్.

నీ ఫోటోలో అయితే చివర్లే మాడి ఉండాయి, కుండీ అంచున తెల్లగా సున్నం పట్టినట్టు చార కూడా కనపడింది. నాకయితే అది బోరు నీళ్ళ పనే అనిపిస్తంది. మీ కనిగిరి వైపు నీళ్ళ సంగతి నీకు నేను చెప్పేదేముంది, ఫ్లోరైడ్‌తో ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో మనుషుల పళ్ళు, ఎముకలే పాడయ్యాయి. ఫ్లోరైడ్ దెబ్బ డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి కుండీ మొక్కలకి ఎక్కువ తగులుతుందిలే, ఫెర్న్‌కి ఆ బోరు నీళ్ళల్లో ఉండే ఉప్పు ఒక్కటే చాలు. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మట్టిలోనే ఉండిపోద్ది, నువ్వు రోజుకు రెండుసార్లు ఇంకాస్త ఉప్పు చేరుస్తన్నావు. ఈడ మనకి పెన్న నీళ్ళు కాబట్టి ఆ బాధ తెలియలేదు.

రాత్రంతా బకెట్లో నిలవబెట్టి పోస్తే సరిపోద్దని ఎవరన్నా చెప్తారు, దానికి క్లోరిన్ పోద్దేమో గానీ ఉప్పు పోదు, కాచినా పోదు. ఆర్వో మిషన్ పక్క పైపులోంచి బయటికి పోయే నీళ్ళు వేస్ట్ అవుతున్నాయి గదా అని అవి మాత్రం పొయ్యబాక, ఉన్న ఉప్పంతా వాటిల్లోనే చేరుద్ది. నువ్వు తాగే ఫిల్టర్ నీళ్ళు పొయ్యి, వాన పడితే వాన నీళ్ళు పట్టి పెట్టుకో, అన్నిటికంటే సులువు ఏందంటే మీ ఏసీ పైపు కింద ఒక బకెట్ పెట్టు. ఆ ఏసీనే గదిలో తేమంతా లాగేసి ఆకుల్ని మాడ్చేది, లాగేసిన తేమ నీళ్ళయి బయట కారిపోతంది, దాంట్లో ఉప్పు ఉండదు, దాన్నే తెచ్చి మళ్ళీ ఫెర్న్‌కి పోస్తే సరి. మన ఇంట్లో రెండేళ్ళ నించి అదే చేస్తన్నా.

ఇప్పటిదాకా చేరిన ఉప్పు కడిగెయ్యాలి గదా, దానికి ఈ ఆదివారం కుండీని బాత్రూములో పెట్టి ఒక బకెట్ మంచి నీళ్ళు నిదానంగా చెంబుతో పొయ్యి, అడుగు బెజ్జాల్లోంచి ధారగా కారిపోనీ. కారినవి ప్లేట్లో నిలవనీయబాక. ఆ తర్వాత ఇంక రెండు పూట్లా అనే లెక్క మానెయ్, పై మట్టిలో వేలు పెట్టి చూడు, తడి తగ్గినట్టు ఉంటే పొయ్యి, లేకపోతే లేదు. కుండీ ఎత్తి బరువు చూడటం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. కొన్నిసార్లు కుండీ మట్టిలో కలిపిన కొబ్బరి పొట్టు బాగా ఎండిపోయి నీళ్ళు పీల్చదు, పోసినవన్నీ కుండీ గోడెంబడే జారి కిందికొచ్చేస్తాయి, మనం పోశాంలే అనుకుంటాం, వేర్లకి చుక్క అందదు. అట్టా ఉంటే కుండీని బకెట్ నీళ్ళల్లో బుడగలు ఆగేదాకా, ఒక అరగంట, ముంచి తియ్.

గాలి సంగతి. ఈడ మైపాడు సముద్రం దగ్గరే కాబట్టి గాలిలో చెమ్మ ఉంటది, మనకి చెమట చిరాకు గానీ ఫెర్న్‌కి పండగ. ఆడ పడమటి గాలి పొడిగా కొడతది, రోహిణి కార్తెలో ఎట్టా ఉంటదో నువ్వే చూద్దువు. ఫ్యాన్ కిందా ఏసీ ఎదురుగా పెట్టబాక. స్ప్రే బాటిల్‌తో కొట్టడం మన తృప్తికే, పది నిమిషాల్లో ఆరిపోద్ది. దానికంటే వెడల్పు పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగకుండా నీళ్ళు పోసి, దాని మీద కుండీ పెట్టు, నాలుగు మొక్కలు దగ్గర దగ్గరగా పెట్టు. వెలుతురొచ్చే కిటికీ ఉన్న బాత్రూము ఉంటే అదే దానికి అత్తారిల్లు కాదు, పుట్టిల్లు.

ఎరువు విషయంలో నాకు జరిగింది చెప్తా, నవ్వబాక. మొదట్లో వరికి తెచ్చిన యూరియా బస్తాలో కొంచెం మిగిలి ఉంటే, పైరు పచ్చబడింది గదా ఇదీ పచ్చబడద్దని గుప్పెడు వేశా. దాంట్లో 46 శాతం నత్రజని, కుండీడు మట్టికి గుప్పెడంటే చూసుకో. వారంలో మొత్తం మాడిపోయింది, మీ పెదనాన్న ఇప్పటికీ అంటా ఉంటాడు. అందుకని చివర్లు మాడుతున్నప్పుడు బలానికని ఏమీ వెయ్యబాక. కోలుకున్నాక నెలకోసారి లిక్విడ్ ఎరువు, డబ్బా మీద రాసిందాంట్లో సగమే కలిపి పొయ్యి, అదీ మట్టి తడిగా ఉన్నప్పుడే.

ఇంకోటి, ఆకు తిప్పి చూస్తే అడుగున వరసగా గోధుమరంగు చుక్కలు ఉంటాయి, కుట్టుపూసలు కుట్టినట్టు. అవి పురుగులు కావు, ఫెర్న్‌కి విత్తనాల బదులు ఉండే పొడి సంచులు. మా ఎదురింటావిడ అవి చూసి పురుగు పట్టిందని వేపనూనె కసిగా కొట్టి ఉన్న ఆకుల్ని కూడా మాడ్చుకుంది. వరస తప్పి ఈనె మీద ఆడొకటి ఈడొకటి అంటుకుని, గోరుతో గీకితే ఊడి వస్తా, ఆకు జిగటగా ఉంటే అప్పుడు పురుగేమో అని అనుమానపడు.

మాడిన చివర మళ్ళీ పచ్చబడదు, ఆశ పెట్టుకోబాక. పూర్తిగా పోయిన మట్టల్ని మొదలుకంటా కత్తిరించు. మధ్యలో చుట్టలు చుట్టుకుని వచ్చే లేత చిగుర్ని చూస్తా ఉండు, అవి విచ్చుకున్నాక చివరిదాకా పచ్చగా ఉంటే నీళ్ళు మార్చింది పనిచేసినట్టు. ఒక నెలా నెలన్నర పడద్ది, కంగారు పడబాక. కడియం నర్సరీ నించి వచ్చినప్పుడు మన ఇంట్లో కూడా నెలరోజులు ఆకు రాల్చింది, ఆడ షేడ్ నెట్ (నీడ కోసం కట్టే వల) కింద పెరిగింది గదా.

ఆదివారం కుండీ కడిగాక ఆకు అడుగు వైపు ఒక ఫోటో, మట్టి దగ్గర నించి ఒక ఫోటో పంపు, వెలుతుర్లో తియ్. చూసి చెప్తా కుండీ మార్చాలో వద్దో.

మీ పెద్దమ్మ