పాత కారు బుష్‌లు: ఏది కొన్నారన్నది సగమే, ఎలా బిగించారో చూడండి

కారుకు 20 ఏళ్లు దాటాయని, గతుకుల మీద ముందు నుంచి టకటకమని చప్పుడు వస్తోందని, బ్రేకు తొక్కితే ఒక పక్కకు లాగుతోందని రాశారు. చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది చేయిని లోయర్ ఆర్మ్ అంటారు, దాని కీలులో అదురును తట్టుకునే మెత్తటి దిమ్మే బుష్. ఆ లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయని మెకానిక్ చెప్పారు కాబట్టి రబ్బరువి వేయించాలా, పాలీయురేథేన్‌వి (రబ్బరు కన్నా గట్టిగా ఉండే ప్లాస్టిక్ వంటి పదార్థం) వేయించాలా అన్నది మీ ప్రశ్న.

రోజూ తిరిగే కారైతే రబ్బరువే వేయించండి. కారు కంపెనీ సరుకు గానీ, ఆ కంపెనీకి బుష్‌లు తయారుచేసి ఇచ్చే సంస్థ సరుకు గానీ తీసుకోండి. సూటి జవాబు ఇదే. అయితే బుష్ ఎన్నాళ్లు మన్నుతుందన్నది దాని బోల్టు ఏ స్థితిలో బిగించారన్న దాన్ని బట్టే తేలుతుందని నా గట్టి నమ్మకం. ఇది అడిగేవారూ లేరు, చెప్పేవారూ లేరు.

నా పాత కారుకు ఒక వర్క్‌షాపులో ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చారు. మంచి సరుకే, నా కళ్ల ముందే డబ్బా విప్పారు. కొద్ది నెలలకే పాత చప్పుడు మళ్లీ మొదలైంది. తీసుకెళ్తే, ఇప్పటి రబ్బరులో పస లేదు, పాలీ వేయించుకోండి అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఈ పనులు బాగా తెలిసిన స్నేహితుడిని పిలిచాను. కారు ముందు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఇద్దరం కిందికి దూరాం. బరువంతా చక్రాల మీదే ఉంది. టార్చి వేసి చూస్తే, లోపలి గొట్టం చుట్టూ రబ్బరు ఒకే దిక్కుకు సాగి, సాగిన చోట అర్ధచంద్రాకారంలో చిరిగి ఉంది. స్నేహితుడు పొడవాటి స్పానర్ వేసి బోల్టును వదులు చేశాడు. ఇంకా పూర్తిగా వదలనే లేదు, టప్పుమని మోత! లోపలి గొట్టం తనంతట తానే తటాలున వెనక్కి తిరిగింది. కారు ముక్కు మా తలల మీద కాస్త కిందికి కుంగింది. రెండో వైపు బోల్టు తిప్పినా అదే మోత. ఆ వైపు చిరుగు అప్పుడే మొదలవుతోంది.

ఈ బుష్‌లలో రబ్బరును లోపలి ఉక్కు గొట్టానికీ, బయటి ఉక్కు గొట్టానికీ కదలకుండా అతికించి తయారుచేస్తారు. ఏదీ దేని మీదా జారదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కారు చట్రానికి ఉన్న బ్రాకెట్‌కు పట్టేస్తుంది, బయటిది ఆర్మ్‌లోనే బిగుసుకుని ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా మధ్యనున్న రబ్బరు మెలితిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. బిగించేటప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉందో అదే రబ్బరుకు విశ్రాంతి స్థానమవుతుంది. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బిగించి కారును నేల మీదికి దించితే, రబ్బరు పిండిన తడిబట్టలా మెలిపడిపోతుంది. కారు కదలకుండా నిలబడి ఉన్నా ఆ మెలిక పోదు. గుంతలో చక్రం పడి ఆర్మ్ పైకి లేస్తే ఆ మెలిక మీద ఇంకో మెలిక. చిరగక ఏం చేస్తుంది? చాలా కార్ల సర్వీసు మాన్యువళ్లలో వాహనం బరువు చక్రాల మీద ఉండగానే చివరి బిగింపు చేయాలని రాసి ఉంటుంది. కారు పైన ఉండగా బిగించడం సులువు కాబట్టి దాన్ని పక్కన పెట్టేస్తారు, నింద రబ్బరు మీద వేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మేము అదే రకం, అదే నంబరు బుష్‌లు మళ్లీ తెచ్చి వేసి, బరువు చక్రాల మీద ఉంచి బిగించాం. ఇప్పటికీ చప్పుడు లేదు.

పాలీయురేథేన్ బుష్ ఇలా అతికించి ఉండదు. లోపలి గొట్టం మీద తిరుగుతుంది కాబట్టి మెలిక బాధ లేదు, కానీ గ్రీజు కావాలి. గ్రీజు ఆరిపోతే కీచుమంటుంది. గట్టిగా ఉంటుంది కాబట్టి స్టీరింగ్ చురుగ్గా అనిపిస్తుంది, రోడ్డు అదురంతా లోపలికి వస్తుంది. స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) బుష్‌లకు అది బాగానే నప్పుతుంది, అక్కడ నాకు అభ్యంతరం లేదు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే ట్రైలింగ్ ఆర్మ్ వంటి చోట్ల మాత్రం బుష్ ఒకేసారి రెండు మూడు దిక్కులకు ఒదగాలి. గట్టి బుష్ అక్కడ పట్టేసి, భారమంతా బ్రాకెట్ల మీదికి తోస్తుంది. తుప్పు తగిలిన పాత బ్రాకెట్లకు ఆ శిక్ష అవసరమా? రంగు చూసి కొనేవారున్నారు. ఎరుపు గట్టిది, నీలం మెత్తనిది అని అన్ని సంస్థలకూ వర్తించే నియమం ఏదీ లేదు. ఎవరి రంగులు వారివి. చూడాల్సింది షోర్ ఎ (రబ్బరు వంటి వాటి గట్టిదనాన్ని కొలిచే కొలమానం) అంకె, అది పెరిగే కొద్దీ గట్టిదనం పెరుగుతుంది.

రబ్బరును చవక సరుకుగా చూడడం నాకు నచ్చదు. 1959లో వచ్చిన మినీ కారులో స్ప్రింగుల పనే రబ్బరు కోన్లు చేశాయి. అలెక్స్ మౌల్టన్ రూపకల్పన అది. మీ కారు బుష్‌లోని మెత్తదనం కూడా ఎవరో లెక్క కట్టి పెట్టిందే. కొన్నింటిలో రబ్బరు మధ్య కావాలనే ఖాళీలు వదులుతారు, ఒక దిక్కున మెత్తగా, మరో దిక్కున గట్టిగా ఉండేందుకు. పాతది తీసే ముందే ఆ ఖాళీలు ఎటు ఉన్నాయో ఆర్మ్ మీద గుర్తు పెట్టించండి. తిప్పి దిగ్గొడితే కొత్త బుష్ కూడా దండగే. కొన్ని కార్లలో బుష్ లోపల ద్రవం ఉంటుంది. అది కారితే బుష్ కింద నల్లటి తడి కనిపిస్తుంది, దాన్ని ఇంజిన్ ఆయిల్ అనుకుని వదిలేస్తారు.

విడి బుష్ దొరకదు, ఆర్మ్ మొత్తం కొనండి అనే దుకాణాల మాట వెంటనే ఒప్పుకోకండి. బాల్ జాయింట్ (ఆర్మ్‌కు చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) కూడా అరిగి ఉంటే సరే. లేకపోతే మీ పాత ఆర్మ్‌లోనే మంచి బుష్‌ను ప్రెస్ చేయించడం (యంత్రంతో నొక్కి ఎక్కించడం) మేలు, ఎందుకంటే చవక ఆర్మ్‌లలో ముందు పోయేది బుష్‌లే. ప్రెస్ చేసేటప్పుడు బయటి గొట్టం అంచు మీదే ఒత్తిడి పడాలి. జారడానికి సబ్బునీళ్లు చాలు, నూనె రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. పాత రబ్బరును మంట పెట్టి కాల్చేవారిని దగ్గరికి రానివ్వకండి, ఆ పొగ విషం. ఏళ్ల తరబడి అరలో ఉన్న బుష్ కూడా వద్దు, రబ్బరు కారుకు ఎక్కకుండానే ముసలిదవుతుంది.

చివరి బిగింపు సమయానికి మీరు అక్కడ నిలబడండి. ర్యాంపులు లేకపోతే ఆర్మ్ చివర కింద జాకీ పెట్టి, ఆర్మ్‌ను కారు నేల మీద ఉన్నప్పటి ఎత్తుకు లేపాక బోల్టు బిగించమనండి. ఒక్క జాకీ నమ్మి కారు కిందికి ఎవరినీ వెళ్లనివ్వకండి, స్టాండ్లు ఉండాలి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ఇంజిన్ ఆయిల్ ఆ ఆర్మ్ మీదే కారుతుంటే ముందు ఆ లీకు కట్టించి, అప్పుడే కొత్త బుష్‌లు వేయించండి.