డబ్బా మీద 9 శాతం, ప్యాకెట్ మీద 32 శాతం: పిల్లి ఆహారాల పోషక విలువను ఎలా పోల్చాలి?

మీరు రెండు ఆహారాల లేబుళ్లలోని అంకెలు రాసి, ఏ బ్రాండు మంచిదో చెప్పమని అడిగారు. పొడి ఆహారం మీద ప్రోటీన్ 32 శాతమనీ, తడి ఆహారపు డబ్బా మీద 9 శాతమేననీ ఉంది; అయినా ప్రోటీన్ విషయంలో డబ్బాయే మెరుగని ఒక స్నేహితురాలు అన్నారు, అదెలా కుదురుతుందన్నది మీ సందేహం. నేను పశువైద్యుణ్ణి కాను. పదకొండేళ్లుగా ఇంట్లో పిల్లులను పెంచుతున్నాను, ఈ లేబుళ్లు చదవడంలో రెండు పెద్ద తప్పులు చేసి, వాటి వల్లనే చదవడం నేర్చుకున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా బ్రాండు సంగతి. మనం వేర్వేరు కంపెనీలవని అనుకునే పేర్లలో చాలావాటికి యజమాని ఒక్కరే. విస్కస్, షీబా, రాయల్ కానిన్ మూడూ మార్స్ సంస్థవే, ఫ్రిస్కీస్, ప్రో ప్లాన్ రెండూ నెస్లే అధీనంలోని ప్యూరినావి, హిల్స్ కోల్గేట్-పామోలివ్‌ది. యజమాని ఒక్కరైనంత మాత్రాన తయారీ ఒకటే కాదు, అలాగే ఒకే బ్రాండు కింద వచ్చే పది రకాల మధ్య కూడా పోషకాల్లో చాలా తేడా ఉంటుంది. అందువల్ల పోల్చవలసింది రెండు పేర్లను కాదు, చేతిలో ఉన్న రెండు ప్యాకెట్లను.

ఇక మీ అంకెలు. పొడి ఆహారంలో ప్రోటీన్ 32, కొవ్వు 10, పీచు 4, తేమ 10, బూడిద 8 శాతమని రాశారు. తడి ఆహారంలో ప్రోటీన్ 9, కొవ్వు 4, పీచు 1, తేమ 80, బూడిద 2 శాతం. బూడిద అంటే ఆహారాన్ని కాల్చితే మిగిలే ఖనిజాల మొత్తం మాత్రమే, ఎవరో బూడిద కలిపారని కాదు. మొదటిసారి చదివినప్పుడు నేనూ ఉలిక్కిపడ్డాను. ఈ అయిదింటినీ కూడి నూటిలోంచి తీసివేస్తే మిగిలేది పిండిపదార్థం. లేబుల్ మీద సాధారణంగా కనిపించని ఈ అంకె మీ పొడి ఆహారంలో 36, తడి ఆహారంలో 4.

చాలామంది ఇక్కడ నీటిని పక్కన పెట్టి, మిగిలిన పొడి పదార్థంలో ప్రోటీన్ వాటా ఎంతో చూస్తారు. అలా చూస్తే పొడి ఆహారంలో 90 పాళ్లకు 32, అంటే దాదాపు 36 శాతం. తడి ఆహారంలో 20 పాళ్లకు 9, అంటే 45 శాతం. మీ స్నేహితురాలు ఈ లెక్కే వేసి ఉంటారు. లెక్క తప్పేమీ కాదు, కానీ తేడాను ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తుంది. పిల్లి తినడం ఆపేది గ్రాముల లెక్కన కాదు, మనం పెట్టవలసిందీ గ్రాముల లెక్కన కాదు. ఏ ఆహారమైనా దాని రోజువారీ శక్తి అవసరాన్ని బట్టే పెడతాం. కనుక న్యాయమైన పోలిక నూరు కిలో క్యాలరీలకు ఎంత ప్రోటీన్ వస్తుందన్నదే. పెంపుడు జంతువుల ఆహారాలకు ప్రోటీన్, పిండిపదార్థం గ్రాముకు 3.5, కొవ్వు గ్రాముకు 8.5 కిలో క్యాలరీలుగా లెక్కిస్తారు. ఆ ప్రకారం మీ పొడి ఆహారం నూరు గ్రాములకు 323 కిలో క్యాలరీలు, తడి ఆహారం 80కి కొంచెం తక్కువ. నూరు కిలో క్యాలరీలకు ప్రోటీన్ పొడి ఆహారంలో 9.9 గ్రాములు, తడి ఆహారంలో 11.3 గ్రాములు. అంటే మీ స్నేహితురాలి మాట నిజమే, కానీ తేడా కొద్దిపాటిదే. ఎదిగిన పిల్లులకు అమెరికా ప్రమాణం ప్రకారం ఉండవలసిన కనీసం 6.5 గ్రాములు కాబట్టి ఈ విషయంలో రెండూ హాయిగా గట్టెక్కాయి. అసలు తేడా పిండిపదార్థంలో ఉంది: ఒకదానిలో 11 గ్రాములు, మరొకదానిలో 5.

అంతకంటే పెద్ద తేడా నీటిలో ఉంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కిలో క్యాలరీలు కావాలనుకుంటే, మీ పొడి ఆహారం 62 గ్రాములు, తడి ఆహారం 250 గ్రాములు పెట్టాలి. మొదటి దానితో పిల్లికి అందే నీరు ఆరు గ్రాములు, రెండవ దానితో రెండు వందల గ్రాములు. పొడి ఆహారం తినే పిల్లి గిన్నెలో నీళ్లు ఎక్కువే తాగుతుంది కానీ, ఆ లోటును పూర్తిగా పూడ్చుకునేటంత సాధారణంగా తాగదు. మూత్రంలో రాళ్లు, స్ఫటికాల సమస్య ఉన్న పిల్లులకు వైద్యులు తడి ఆహారం సూచించేది ముఖ్యంగా ఇందుకే.

ఈ లెక్కకు ఒక మినహాయింపు చెప్పాలి. లేబుల్ మీద ప్రోటీన్, కొవ్వు కనీస పరిమితులుగానూ, పీచు, తేమ గరిష్ఠ పరిమితులుగానూ ఉంటాయి కనుక లోపల ఉన్న నిజమైన అంకెలు కొంత వేరుగా ఉంటాయి. పైగా ఆ 'ముడి ప్రోటీన్' అనేది నేరుగా కొలిచినది కాదు, నైట్రోజన్‌ను కొలిచి 6.25తో గుణించినది. ఆ నైట్రోజన్ మాంసం నుంచి వచ్చిందా, ఈకల నుంచి వచ్చిందా, మరింకెక్కడి నుంచైనా వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. 2007లో ఉత్తర అమెరికాలో జరిగిన ఉపద్రవానికి మూలం ఇదే. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, అంటే గోధుమ నుంచి తీసే ప్రోటీన్‌లో, ప్రోటీన్ ఎక్కువగా కనిపించేందుకు మెలమైన్ అనే పారిశ్రామిక రసాయనం కలిపారు. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. దాన్ని వాడిన ఆహారాలు తిని పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. ఒకే కాంట్రాక్టు తయారీదారు అనేక బ్రాండ్లకు ఆహారం చేసి ఇస్తుండటం వల్ల, చవకవీ ఖరీదైనవీ అన్న తేడా లేకుండా ఎన్నో పేర్లను ఒక్కసారిగా వెనక్కి పిలవవలసి వచ్చింది.

ఇప్పుడు నా మొదటి తప్పు. మా ఇంట్లో బుజ్జి అనే ముసలి ఆడ పిల్లి ఉండేది. దానికోసం నేనొక డబ్బా ఆహారం ఎంచుకున్నాను. మూత తీస్తే తేటగా ఉన్న రసంలో తెల్లని కోడి మాంసం పోగులు పోగులుగా కనిపించేది, పదార్థాల జాబితాలో కోడి మాంసం, రసం, బియ్యం తప్ప మరేమీ లేవు. నోరు తిరగని రసాయనాల పేర్లు ఒక్కటీ లేనందుకు మురిసిపోయి నాలుగు నెలలపాటు దాదాపు అదే పెట్టాను. రోమాల నిగారింపు తగ్గిందని వైద్యురాలి దగ్గరకు తీసుకువెళితే, ఆవిడ పిల్లికంటే ముందు డబ్బా చూపించమన్నారు. డబ్బాను తిప్పి, బార్‌కోడ్ పక్కన చీమ తలలంత అక్షరాలతో ఉన్న ఒక్క మాట మీద గోరు పెట్టి చూపించారు: కాంప్లిమెంటరీ. అంటే పూరక ఆహారం, మరో సంపూర్ణాహారంతో పాటు ఇవ్వవలసినదే తప్ప అదే భోజనం కాదు. ఉత్త కండ మాంసంలో భాస్వరం బాగా ఉంటుంది, కాల్షియం బహు తక్కువ. నేను భయపడిన ఆ నోరు తిరగని పేర్లు ఎక్కువ భాగం విటమిన్లవీ ఖనిజాలవీ అనీ, అవి లేకపోవడమే అక్కడి లోపమనీ ఆ రోజు తెలిసింది.

కనుక ఏ ప్యాకెట్ తీసుకున్నా మొదట చదవవలసినది ప్రోటీన్ శాతం కాదు, అది సంపూర్ణాహారమా కాదా అని చెప్పే ఒక్క వాక్యం. అమెరికాలో ఆఫ్కో అనే పశు దాణా నియంత్రణాధికారుల సంఘం ప్రమాణాలను, ఐరోపాలో ఫెడియాఫ్ అనే పరిశ్రమ సమాఖ్య మార్గదర్శకాలను పాటిస్తారు. ఆహారం 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' (సంపూర్ణం, సమతులం) అనీ, ఏ వయసు పిల్లులకో కూడా ఆ వాక్యంలో ఉండాలి. పిల్లికూనలకు ప్రోటీన్, కాల్షియం వంటివి ఎక్కువ కావాలి. ఆఫ్కో లెక్కలో పొడి పదార్థంలో ప్రోటీన్ ఎదిగిన పిల్లికి కనీసం 26 శాతం, ఎదిగే పిల్లికి 30 శాతం. ఆఫ్కో ఏ ఆహారాన్నీ తాను పరీక్షించదు, ఆమోదించదు; 'ఆఫ్కో ఆమోదించింది' అని ఎవరైనా ప్రచారం చేస్తే ఆ మాటను నమ్మకండి. పోషకాల పట్టికకు సరిపోయేలా రూపొందించామని చెప్పడం ఒక పద్ధతి, పిల్లులకు తినిపించి చూశామని చెప్పడం మరో పద్ధతి. రెండవది గొప్పగా వినిపిస్తుంది కానీ, ఎదిగిన పిల్లుల విషయంలో ఆ పరీక్షకు ఎనిమిది పిల్లులు, 26 వారాలు చాలు. ఏళ్ల తరబడి తింటే ఏమవుతుందో అది చెప్పలేదు.

పట్టికలోని కనీసాలు కూడా అనుభవం మీద దిద్దుకుంటూ వచ్చినవే. పిల్లి తన ఒంట్లో టౌరిన్ అనే పోషకాన్ని చాలినంత తయారు చేసుకోలేదు. అది తగ్గితే గుండె కండరం సాగి బలహీనపడుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన పాల్ పియాన్ బృందం 1987లో వెల్లడించింది. ఆ పిల్లులు తింటున్నది కంపెనీలు అమ్మే ఆహారమే, అప్పటి సిఫారసులకు సరిపోయినదే. తరువాత ఆహారాల్లో టౌరిన్ పెంచారు, ఆ గుండె జబ్బు అరుదైపోయింది. నేడు ఆఫ్కో పొడి ఆహారంలో 0.1 శాతం, డబ్బా ఆహారంలో దానికి రెట్టింపు అడుగుతుంది, ఎందుకంటే డబ్బాను వేడి చేసే తీరు వల్ల పేగుల్లోని సూక్ష్మజీవులు టౌరిన్‌ను ఎక్కువగా ధ్వంసం చేస్తాయి. 'సహజ' ఆహారమని చెప్పుకునే డబ్బా మీద టౌరిన్ విడిగా చేర్చినట్టు కనిపిస్తే తప్పు పట్టకండి.

పదార్థాల జాబితా మీద నాకు మునుపటంత గురి లేదు. బరువు క్రమంలో రాస్తారన్నది నిజమే, కానీ ఆ బరువు వండకముందుది. పచ్చి కోడి మాంసంలో దాదాపు డెబ్బై శాతం నీరే, కాబట్టి జాబితాలో మొదట ఉన్నంత మాత్రాన పొడి ఆహారంలో ప్రోటీన్ అంతా దాని నుంచే వచ్చిందని కాదు. మొక్కజొన్నను పిండి, గ్లూటెన్, తవుడు అని మూడుగా విడదీసి రాస్తే ఒక్కొక్కటి కిందికి దిగిపోతుంది. ధాన్యం లేదన్న ఆహారంలో బఠాణీలు, బంగాళాదుంపలు ఉంటాయి, పిండిపదార్థం ఎక్కడికీ పోదు. ఉపఉత్పత్తులన్న మాటకు ముఖం చిట్లించేవారు గుండె, కాలేయం కూడా వాటిలో భాగమేనని గమనించాలి. పిల్లి ఎలుకను పట్టినప్పుడు వాటిని వదిలిపెట్టదు.

బుజ్జికి తరువాత మూత్రపిండాల జబ్బు మొదలైంది. ఆ జబ్బులో భాస్వరం తగ్గించాలి కనుక అప్పుడు తెలియవలసినది అది ఎంతన్నది, లేబుల్ మీద అది ఉంటే గింటే కనీస పరిమితిగా ఉంటుంది, మనకు కావలసినది గరిష్ఠం. రెండు కంపెనీలకు ఒకే ప్రశ్న రాశాను: మీ ఆహారంలో వెయ్యి కిలో క్యాలరీలకు భాస్వరం ఎన్ని గ్రాములు, దీన్ని రూపొందించినవారి అర్హత ఏమిటి? ఒకరు రెండు రోజుల్లో పూర్తి పట్టిక పంపి, పశుపోషణలో ఉన్నత శిక్షణ పొందిన నిపుణుల వివరాలు ఇచ్చారు. మరొకరు తమ మాంసం ఎంత తాజాదో వివరించే కరపత్రం పంపారు. మళ్లీ అడిగితే అదే కరపత్రం మళ్లీ వచ్చింది. నా దృష్టిలో ప్యాకెట్ మీది బొమ్మలకంటే, ధరకంటే ఈ జవాబే కంపెనీని ఎక్కువగా పట్టిస్తుంది. మీరూ రాసి చూడండి.

రెండవ తప్పు మా ఇంట్లోని మరో పిల్లి, నల్లోడి విషయంలో చేశాను. ఎంచుకున్న పొడి ఆహారం అన్ని విధాలా మంచిదే, పెట్టిన తీరు మంచిది కాదు. ప్యాకెట్‌తో వచ్చిన కప్పుతో కొలిచి గిన్నెలో పోసేవాణ్ణి. ఏడాదిన్నరలో నాలుగు కిలోల వాడు అయిదుంబావు దాటాడు. వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే అదే కప్పు, అదే చెయ్యి, ఒక రోజు 38 గ్రాములు, మరో రోజు 46. ఎనిమిది గ్రాములంటే మీ పొడి ఆహారం లెక్కన 26 కిలో క్యాలరీలు, నాలుగు కిలోల పిల్లి రోజువారీ అవసరంలో దాదాపు ఎనిమిదో వంతు. ఇప్పుడు గ్రాములే తూస్తాను.

మీ రెండింటిలో ఒకటి చెప్పమంటే, రెండింటి మీదా సంపూర్ణాహారమన్న వాక్యం ఉందో లేదో ముందు చూడండి. ఉంటే, మీ పిల్లి మగదై, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినదై, నీళ్లు తక్కువగా తాగేదైతే నేను రోజులో సగానికి పైగా క్యాలరీలు తడి ఆహారం నుంచే ఇస్తాను, మిగతాది పొడి ఆహారం తూచి పెడతాను. మార్పును వారం పది రోజుల మీద, కొత్తదాన్ని కొంచెం కొంచెంగా కలుపుతూ చేయండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టకండి. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత ఆహారానికి తిరిగి వెళ్లి వైద్యుల్ని సంప్రదించండి. మగ పిల్లి మూత్రం కోసం ముక్కుతూ, చుక్క కూడా రాక ఇబ్బంది పడుతుంటే మాత్రం ఆహారం మార్చి చూద్దామని ఆగవద్దు, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.