చదువు పూర్తయ్యేసరికే విద్యా రుణం ఎందుకు పెరిగిపోతుంది?

వాయిదాలు మొదలు కాలేదు కాబట్టి వడ్డీ కూడా ఆగిందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ఆ కాలానికి వడ్డీని ప్రభుత్వం భరించే పథకం ఉంటే తప్ప, సొమ్ము విడుదలైన రోజు నుంచే లెక్క నడుస్తుంది. మొదట్లోనే తీసుకున్న ప్రతి 100కు 10 శాతం వడ్డీ పడుతూ, అది ఏటా అసలులో కలుస్తూ పోతే నాలుగేళ్లకు బాకీ 146 దాటుతుంది. ఇంకా ఉద్యోగమే రాలేదు!

చదువుతుండగానే వడ్డీ వరకైనా కట్టగలిగితే అసలు పెరగదు. నెలవారీ వాయిదా తగ్గుతుందని గడువు పొడిగించుకోమనే సలహా నాకు నచ్చదు. చివరికి కట్టే మొత్తం పెరుగుతుంది. ఇక కాలేజీలను పోల్చేటప్పుడు ఫీజుకు హాస్టల్, పుస్తకాల ఖర్చు కలిపి, తిరిగి ఇవ్వనవసరం లేని ఉపకార వేతనాన్ని తీసేసి చూడండి.