ఊపిరి ఎవరిదో ముందు తేల్చు

బరంపురం

తమ్ముడూ,

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. అంతరిక్షంలో ఒంటరిగా చిక్కుకుపోయిన వ్యోమగామి కథ ‘గ్రావిటీ’లో సాండ్రా బులక్ నటనకు లేనిపోని పేరొచ్చిందని నీ వాదన. ఆ వాదన చెయ్యకూడదని అనను. ధైర్యంగా చేశావు, సంతోషం. కానీ ఎనిమిది పేజీల్లో ఆమె చేసిన పని ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. ‘తేలిపోయింది’, ‘ఒకటే భావం’, ‘ప్రచారం ఎక్కువ’ అన్న మాటలు మాత్రం చాలాసార్లు కనిపించాయి. సినిమా పేరు, నటి పేరు మార్చేస్తే ఈ వ్యాసం ఇంకో సినిమాకూ అతుకుతుంది. విమర్శకు ఇంతకు మించిన జబ్బు లేదు.

ముందు ఒక తప్పు దిద్దుకో. ఈ సినిమాకు ఆమెకు ఆస్కార్ ఇచ్చి నెత్తిన పెట్టుకున్నారని రాశావు. ఇవ్వలేదు. ఆమెకు ఆస్కార్ వచ్చింది ‘ది బ్లైండ్ సైడ్’ (2009)కి. ‘గ్రావిటీ’ 2013లో విడుదలైంది. 2014 మార్చి 2న జరిగిన వేడుకలో పది నామినేషన్లకు ఏడు అవార్డులు గెలిచింది: దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సంగీతం, శబ్దానికి రెండు, విజువల్ ఎఫెక్ట్స్. ఉత్తమ నటి అవార్డు ‘బ్లూ జాస్మిన్’లో చేసిన కేట్ బ్లాంచెట్‌కు వెళ్ళింది. అంటే సినిమాను నెత్తిన పెట్టుకున్నవాళ్ళే నటిని నామినేషన్ దగ్గర ఆపేశారు. ‘ఎక్కువ పేరు’ అన్నావంటే అది నటన మీదే కాదు, పేరు మీద కూడా చేసిన ఆరోపణ. ఎవరు ఎంత పేరిచ్చారో చూడకుండా ఎక్కువైందనడం, తక్కెడ పట్టకుండా తూకం చెప్పడమే.

అవార్డులు సరైన తూనికరాళ్ళని కూడా అనుకోకు. సైన్స్ ఫిక్షన్‌లో నటీమణులకు అవి ఎప్పుడూ నిలకడగా తూగలేదు. ‘ఏలియన్స్’ (1986)కి సిగోర్నీ వీవర్‌ను ఉత్తమ నటి నామినేషన్ దాకా తీసుకెళ్ళారు. ‘అరైవల్’ (2016)కి ఎనిమిది నామినేషన్లు వచ్చాయి, సినిమా మొత్తం మోసిన ఎమీ ఆడమ్స్‌కు అందులో ఒక్కటీ లేదు. ఆమె పాత్ర గట్టిగా అరవదు, వింటుంది. వినడం కూడా నటనేనని గుర్తించడానికి చాలామందికి టైమ్ పడుతుంది.

ఇక అసలు పని. ఇలాంటి సినిమాలో తెర మీద కనిపించేదాంట్లో నటి వాటా ఎంతో విడదీయడం నేర్చుకోవాలి. ‘గ్రావిటీ’కి ఇది మరీ అవసరం. వ్యోమనౌక బయట తేలే దృశ్యాల్లో చాలాచోట్ల కెమెరా తీసింది ముఖాన్ని మాత్రమే. సూటు, హెల్మెట్ అద్దం, వెనక భూమి, నక్షత్రాలు అన్నీ తర్వాత కంప్యూటర్‌లో చేర్చినవి. ముఖం మీద పడే వెలుగు కోసం గోడలకు ఎల్ఈడీ పలకలు బిగించిన పెద్ద పెట్టె కట్టి, అందులో భూమి బొమ్మలు నడిపి, నటిని లోపల నిలిపి కట్టేశారు. ఆమె గిరగిరా తిరుగుతున్నట్టు మనకు కనిపించే చోట చాలావరకు తిరిగింది వెలుగు, యంత్రం చేతికి బిగించిన కెమెరా. నౌక లోపల తేలే షాట్లకు పన్నెండు తీగలతో ఆమెను వేలాడదీసి, తోలుబొమ్మలాట వాళ్ళ పద్ధతిలో బయటి నుంచి నడిపారు. ప్రతి కదలికకూ సమయం ముందే లెక్కగట్టేశారు. ఒక మాటకు ముందు అర సెకను ఆగాలనిపించినా ఆగే వీలు లేదు, యంత్రం ముందుకు పోతుంది.

నువ్వు ఇవన్నీ చదివి, ‘కాబట్టి ఇందులో ఆమె చేసిందేముంది’ అన్నావు. సరిగ్గా ఇక్కడే జారావు. నువ్వే కాదు, ఆమెను మెచ్చుకున్నవాళ్ళు కూడా చాలామంది ఇక్కడే జారారు. గంటల తరబడి పెట్టెలో ఒంటరిగా ఉంది పాపం, ఎంత కష్టపడిందో అని మెచ్చుకున్నారు. కష్టం వేరు, నటన వేరు. తీగలకు వేలాడినందుకు జాలి పడొచ్చు, మార్కులు వెయ్యకూడదు. నా లెక్కలో ఆమెకు పేరు ఎక్కువ రాలేదు, రావలసిన చోట రాలేదు.

మన గంజాం ప్రహ్లాద నాటకం గుర్తు చేసుకో. నరసింహుడి వేషగాడికి ముఖం తొడుగు కట్టేస్తారు. ఆ ముఖం కదలదు, కనుబొమ్మ ఎగరదు. అయినా జనం చేతులెత్తి దండం పెడతారు. ఎందుకు? మెడ, భుజాలు, మోకాళ్ళు, రొప్పు ఇవన్నీ ఆ వేషగాడివే కాబట్టి. ముఖం కప్పి ఒళ్ళు వదిలిన నటన అది. ‘గ్రావిటీ’ దానికి సరిగ్గా తిరగేసిన బొమ్మ. ఒళ్ళు తీసేసుకుని ముఖం, గొంతు, ఊపిరి మాత్రం ఆమెకు వదిలారు. వదిలినదాంట్లో ఏం చేసిందన్నదే ప్రశ్న. వదలనిదాని గురించి ఆమెను తిట్టడమూ తప్పే, పొగడడమూ తప్పే.

సినిమా 91 నిమిషాలే. మూడుసార్లు చూడు. మొదటిసారి మామూలుగా, నోట్‌బుక్ లేకుండా. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి. మూడోసారి ఫోన్‌నో ల్యాప్‌టాప్‌నో బోర్లించి, హెడ్‌ఫోన్‌తో వినడం మాత్రమే. రెండోసారి, మూడోసారి పక్కన కాగితం పెట్టుకుని నిమిషం, సెకను వేసి, ఆమె ఏం చేసిందో క్రియలతో రాయి. ‘భయపడింది’ అని రాయకు. ‘రెండు పొట్టి ఊపిరులు తీసి, మూడోది మధ్యలో ఆపి, మాట మొదలుపెట్టింది’ అని రాయి. భయం పాఠకుడికే తెలుస్తుంది.

మూడోసారి వినేటప్పుడు ఒకటి గమనిస్తావు. శూన్యంలో శబ్దం ప్రయాణించదు కాబట్టి బయట పగిలిన ఉపగ్రహాల ముక్కలు వచ్చి తగిలినా పేలుడు చప్పుడు ఉండదు. ఆమె చెయ్యి తాకిన వస్తువు అదురు, రేడియో మాటలు, సంగీతం, ఆమె ఊపిరి, ఇంతే. మొదట్లో ఆమె నౌక నుంచి విడిపోయి గిరగిరా తిరిగిపోతున్నప్పుడు కెమెరా బయటి నుంచి మెల్లగా హెల్మెట్ లోపలికి వెళ్ళి, ఆమె కళ్ళతో చూసి, మళ్ళీ బయటికి వస్తుంది. ఆ ప్రయాణమంతా షాట్ తెగకుండా పట్టుకున్నది ఊపిరే. కథ ప్రకారం ఆమె ట్యాంకులో ఆక్సిజన్ అయిపోతోంది, గుటకలు వేసినట్టు పీల్చొద్దని తోటి వ్యోమగామి హెచ్చరిస్తాడు. అంటే ఆమె పీల్చే ప్రతి ఊపిరీ కథలో ఖర్చు. ప్రేక్షకుడికి అంకెలు గుర్తుండవు, ఊపిరి పొడుగు గుర్తుంటుంది. ఎక్కువ పీలిస్తే తప్పని తెలిసీ ఆపుకోలేకపోవడం, ఆపుకున్నాక తల తిరుగుతున్నట్టు మాట ముద్దగా రావడం, ఇవి వరసగా విను. ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటాయి. ‘ఒకటే భావం’ అన్న నీ మాట ఇక్కడ నిలవదు. ఆ ఊపిరిని ఎంత పెద్దగా, ఎటువైపు నుంచి వినిపించాలో శబ్దం వాళ్ళు తేల్చారు, వాళ్ళ వాటా వాళ్ళకు ఇవ్వు. పీల్చింది మాత్రం ఆమె.

నటులు ఇంకోటి కూడా సాధించాలి, అది పైకి తెలియదు. తేలుతున్నట్టు కనిపించాలంటే ఒళ్ళు నెమ్మదిగా కదలాలి, మాట మాత్రం మామూలు వేగంతో పోవాలి. ఇంట్లో ఒకసారి ప్రయత్నించు. చెయ్యి నెమ్మదిగా పైకెత్తుతూ, కంగారుగా ఎవరినైనా పిలు. మాట కూడా చేతితో పాటు సాగుతుంది. లేదా మాట తొందర చేతికి అంటుకుంటుంది. పది సార్లు చేస్తే ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. ఆ తెలిసిన కంటితో మళ్ళీ సినిమా చూడు.

ఇక నువ్వు ‘అతి’ అని కొట్టిపారేసిన రేడియో దృశ్యం. దీని దగ్గర ఆగుదాం. ఆమె చేరిన రష్యా వ్యోమనౌక సోయుజ్‌లో ఇంధనం లేదు. ఆమె సాయం కోసం రేడియో తిప్పుతుంటే భూమి మీద ఎక్కడో గ్రీన్‌లాండ్ మనిషి గొంతు తగులుతుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె ‘మేడే’ అంటుంది, ఆపదలో ఉన్నామని రేడియోలో చెప్పే మాట అది, అతను అది ఆమె పేరనుకుంటాడు. అతని దగ్గర కుక్కలు మొరుగుతాయి. ఆమె కూడా ఊళ వేస్తుంది. నువ్వు చూసింది ఆ ఊళ మాత్రమే. దానికి ముందు, కుక్క గొంతు వినబడగానే ఆమె ముఖంలో వచ్చే నవ్వు చూడు. నిజమైన నవ్వు, బతుకు మీద ఆశ ఉన్న నవ్వు. ఊళ మొదట ఆట. సాగే కొద్దీ అది ఏడుపుగా మారుతుంది. ఏ క్షణాన మారిందో వేలు పెట్టి చూపించలేం. కంటిలో తడి ఊరుతుంది, బొట్టు జారదు, బరువు లేదు కాబట్టి గాలిలో తేలుతుంది. ఆ తేలే బొట్టు కంప్యూటర్‌ది. బొట్టు వదిలిన కన్ను ఆమెది. చాలామంది బొట్టును మెచ్చుకుని కన్నును వదిలేశారు.

తర్వాత ఈ రోజు చచ్చిపోతానని అతనికి చెబుతుంది, ప్రార్థన చెయ్యడం తనకెవరూ నేర్పలేదంటుంది. ఈ మాటలు అర్థం కాని మనిషికి చెబుతోంది గనుకే చెప్పగలుగుతోంది. గొంతులో బతిమాలుకోవడం లేదు. అవతల పసిబిడ్డ ఏడుస్తుంది, అతను జోల పాడతాడు, ఆమె ఆక్సిజన్ తగ్గించి వెనక్కి వాలుతుంది. కూతురిని పోగొట్టుకున్న తల్లి ఆమె. తన బిడ్డకూ పాడేదాన్నని, త్వరలో చూస్తాననుకుంటానని అని ఊరుకుంటుంది, పేరు చెప్పదు. జోల వింటున్నప్పుడు కళ్ళు మూసుకునే తీరులోనే మిగతాదంతా ఉంది. ఇది యంత్రం చెయ్యలేదు, ఎడిటింగ్ చెయ్యలేదు. ఊళ రెండు మూడు సెకన్లు తగ్గితే బాగుండేదని నాకూ ఉంది, అంతవరకు నీ మాట ఒప్పుకుంటాను.

నీ వాదన నిజంగా బలంగా నిలిచే చోటు వేరే ఉంది. నువ్వు దాన్ని పట్టుకోలేదు. ఆ తర్వాత చనిపోయిన తోటి వ్యోమగామిని తలుచుకుని, పైన తన కూతురు కనిపిస్తే, అది వెతుక్కున్న ఎర్ర బూటు దొరికిందని చెప్పమంటుంది. చివర క్యాప్సూల్ కిందికి దూకేటప్పుడు బతికినా చచ్చినా మంచిదే అన్నట్టు హూస్టన్‌లోని నాసా కేంద్రానికి ఉపన్యాసం ఇస్తుంది. ఈ రెండుచోట్లా రచయితలు ఆమెతో కథాసారాంశం చెప్పించారు. ఆమె గొంతు పెంచి, వేగంగా లాగేసి గట్టెక్కాలని చూసింది. గట్టెక్కలేదు. సంగీతం వచ్చి చెయ్యందించింది. అక్కడ మనం ఏడిస్తే ఆ కన్నీళ్ళు సంగీత దర్శకుడు స్టీవెన్ ప్రైస్ ఖాతాలోకి పోతాయి. వాటిని కూడా నటి ఖాతాలో వేసినవాళ్ళ మీద నువ్వు కోప్పడు, న్యాయంగా ఉంటుంది. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

నువ్వు ఏ భాషలో చూశావో రాయలేదు. డబ్బింగ్‌లో చూస్తే నువ్వు విన్న గొంతు బులక్‌ది కాదు. ఈ సినిమాలో గొంతు తీసేస్తే ఆమె వాటాలో సగం పోయినట్టే. తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ‘ఏ మాయ చేసావే’ (2010)లో సమంతను మెచ్చుకున్న మనం చిన్మయి గొంతును కూడా కలిపే మెచ్చుకున్నాం. ఇంగ్లిష్ మూలం పెట్టుకుని, కింద అక్షరాలు కావాలంటే వేసుకుని చూడు. వ్యాసంలో ఏ భాషలో చూశావో మొదటి పేరాలోనే చెప్పు.

భాష సంగతి కూడా చెప్పాలి. ‘అనితరసాధ్యమైన అభినయ పటిమ కొరవడినది’ అని రాశావు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని ఈ వాక్యం ఎలా రాయబుద్ధయింది? ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసిన 1936లో ఆయన ఊరు వదిలారు గానీ, మనిషి మాట్లాడే తెలుగే రాయాలన్న ఆయన పట్టు ఆ ఊరిది. నీ స్నేహితుడితో టీ కొట్టు దగ్గర ఈ సినిమా గురించి ఎలా మాట్లాడతావో అలా రాయి. మాటల మధ్య ఒడియా దొర్లితే దొర్లనీ. ‘అభినయ పటిమ’ అన్న మాట వెనక బద్ధకం దాక్కోగలదు. ‘కళ్ళు మూసుకుంది’ అన్న మాట వెనక దాక్కోలేదు. రాసింది నిజమో కాదో ఎవరైనా సినిమా పెట్టుకుని చూసి చెప్పేయగలరు.

కొలతలు కూడా చెబుతాను. ఎనిమిది పేజీలు నాలుగు చెయ్యి. మూడు దృశ్యాలు చాలు: మొదట విడిపోయి తిరిగే చోటు, రేడియో, హూస్టన్‌కు ఉపన్యాసం. రేడియోకు పేజీన్నర ఇవ్వు. షూటింగ్ ఎలా తీశారన్నది పది వరుసలు దాటొద్దు, దాటితే వ్యాసం యంత్రం గురించి అయిపోతుంది. వేరే నటితో పోలిక ఒక్కటే పెట్టు. పెడితే ఎమీ ఆడమ్స్‌తో పెట్టు, ఇద్దరూ బిడ్డ దుఃఖం మోసే పాత్రలే కాబట్టి పోలిక సాగుతుంది. ‘ఓవర్‌రేటెడ్’ అన్న మాట వ్యాసం మొత్తంలో ఒక్కసారే రావాలి, అదీ ఎవరి రేటింగ్ గురించో చెప్పిన వాక్యంలోనే.

తిరగరాసే ముందు ఒక చిన్న పని. సినిమా ఆఖరు దృశ్యం ఉంది కదా, చెరువులోంచి ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చేది. అంతసేపూ ఆమె దగ్గర లేకుండా చేసిన ఒంటి బరువు అక్కడ తిరిగి వస్తుంది. తడి మట్టిని పిడికిట్లోకి తీసుకుంటుంది. లేవబోతుంది, కాళ్ళు నిలవవు, పడుతుంది, నవ్వుతుంది, మళ్ళీ లేస్తుంది. మాటలు దాదాపు లేవు. ఆ రెండు నిమిషాలు ఒక్క విశేషణం వాడకుండా ఆరు వాక్యాల్లో రాసి ముందు అది పంపు. మోకాళ్ళు ఎలా వణికాయో, ఏ కాలు ముందు వేసిందో అందులో ఉండాలి. అది చూశాక మిగతా వ్యాసం సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య