వెల్డింగ్‌కు నల్ల కళ్లద్దాలు సరిపోతాయా?

చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కొన్నానని, పెరటి గేటు సొంతంగా చేసుకుంటానని రాశారు. ఎండకు పెట్టుకునే నల్ల కళ్లద్దాలు, గుడ్డ గ్లౌజులు ఉన్నాయి, ఇంకేమైనా తప్పనిసరా అని అడిగారు. ఈ మధ్యాహ్నం వాటితోనే పది నిమిషాలు రాడ్ వెలిగించి చూశాననీ, ఏమీ కాలేదనీ కూడా అన్నారు. ఆ చివరి మాటే నన్ను ఈ జవాబు రాయడానికి కూర్చోబెట్టింది. ఆ కళ్లద్దాలతో ఇక ఒక్క రాడ్ కూడా వెలిగించకండి. వెల్డింగ్‌లో దెబ్బ తగిలిన సంగతి చాలాసార్లు అప్పుడే తెలియదు. కొన్ని గంటలు గడిచాక, మనం పని మరిచిపోయి నిద్రపోయాక తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

పని నేర్చుకోవడానికి చేరిన మొదటి నెల నా పనల్లా యాంగిల్ ముక్కలు కదలకుండా పట్టుకోవడం. మేస్త్రి టాక్ వేసేవారు, అంటే ముక్కలు నిలిచేలా చిన్న చుక్క అతుకు. మొహానికి అడ్డం పెట్టుకునే షీల్డు ఆయన చేతిలో ఒక్కటే ఉండేది. రాడ్ తగిలించే ముందు "కళ్లు!" అనేవారు, నేను మొహం పక్కకు తిప్పుకునేవాణ్ని. ఒక్కోసారి ఆయన మాట ఆలస్యమయ్యేది, ఒక్కోసారి నా మెడ ఆలస్యమయ్యేది. ఆ రోజు ముప్పై టాక్‌ల దాకా వేసి ఉంటాం. సాయంత్రం ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికి వచ్చి పడుకున్నాను. రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చింది. రెప్పల కింద ఎవరో గుప్పెడు ఇసుక పోసినట్టు ఉంది. కళ్లు తెరిస్తే మంట, మూస్తే గరగర. నీళ్లు ధారగా కారుతున్నాయి. గదిలో దీపం వేస్తే భరించలేకపోయాను. చూపు పోయిందేమోనని తెల్లవారేదాకా వణికిపోయాను.

పొద్దున కంటి డాక్టరు ఒక రంగు చుక్క వేసి, నీలి వెలుగులో చూశారు. ఆర్క్ నుంచి, అంటే రాడ్ కొన దగ్గర పుట్టే ఆ మెరుపు నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలకు నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర పైభాగం కాలిపోయిందని చెప్పారు. ఆ కిరణాలు కంటికి కనిపించవు, తగిలినప్పుడు వేడి కూడా అనిపించదు. దెబ్బతిన్న కణాలు ఊడిపోవడం మొదలయ్యాకే నొప్పి వస్తుంది, అందుకు సాధారణంగా 6 నుంచి 12 గంటలు పడుతుంది. పరీక్ష కోసం వేసిన మత్తు చుక్కతో ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ సీసా ఇంటికి ఇవ్వమని బతిమాలాను. ఆయన ససేమిరా ఇవ్వలేదు. మత్తు చుక్క మళ్లీ మళ్లీ వేస్తే పొర మానడం ఆలస్యమవుతుందట, పైగా గాయం ముదిరినా తెలియదట. రెండు రోజుల్లో నాకు తగ్గింది. అయితే ఆర్క్‌ను నేరుగా చూస్తూ ఉంటే కంటి లోపల వెనకనుండే రెటీనా పొర కూడా దెబ్బతినవచ్చు, అది ఇలా రెండు రోజుల్లో మానేది కాదు.

కాబట్టి మీకు కావలసింది మొహం, మెడ ముందుభాగం కప్పే షీల్డు. అందులోని గ్లాసు మీద అది ఎంత నల్లనిదో చెప్పే నంబరు ఉంటుంది. మామూలు రాడ్‌తో 60 నుంచి 160 యాంపియర్ల మధ్య పని చేసేటప్పుడు 10వ నంబరు పెట్టుకోండి. 160 దాటి 250 వరకు వెళితే 12 మంచిది. ఎండ కళ్లద్దాల నలుపు దీని దరిదాపుల్లోకి కూడా రాదు. పక్కల నుంచి వెలుగు దూరుతుంది, బుగ్గలు, గొంతు ఎండకు కమిలినట్టు కాలిపోతాయి. దానంతట అదే నల్లబడే ఆటో షీల్డు కొంటే, రోజూ పని మొదలుపెట్టే ముందు అది నల్లబడుతోందో లేదో చూసుకోండి. ముందున్న సెన్సర్ల మీద నిప్పురవ్వల మచ్చలు పేరుకుంటే తుడవండి, పైనున్న తెల్ల గ్లాసు పాడైతే మార్చండి. లోపలి ఫిల్టర్‌కు సన్నని పగులు వచ్చినా ఆ షీల్డు పక్కన పెట్టేయాల్సిందే.

షీల్డులు రెండు కొనమని నా గట్టి సలహా. గేటు పట్టుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరు వస్తారు. వారి కళ్లు కూడా మీ బాధ్యతే. పిల్లలు ఆ మెరుపును చూడాలని కిటికీ దగ్గర చేరతారు, అడ్డంగా మందపాటి పరదా గానీ రేకు గానీ నిలబెట్టండి. తెల్లగోడ మీద పడి తిరిగివచ్చే వెలుగు కూడా హాని చేస్తుంది. అతుకు మీద పెంకులా గట్టిపడే స్లాగ్ కొట్టేటప్పుడు అందరూ షీల్డు పైకి లేపుతారు, సరిగ్గా అప్పుడే ఎర్రటి పెంకు ఎగిరి కంట్లో పడుతుంది. షీల్డు కింద తెల్ల రక్షణ కళ్లద్దాలు ఎప్పుడూ ఉండాలి.

ఇక పొగ. గేటుకు జీఐ పైపు తెచ్చారేమో చూసుకోండి, దాని మీద జింకు పూత ఉంటుంది. జింకు 419 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి 907 దగ్గర మరుగుతుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి. అంటే మీ అతుకు కరిగేలోపే పూత ఆవిరై, గాలి తగలగానే తెల్లటి పొగగా మారుతుంది. ఒకసారి తలుపులు వేసిన షెడ్డులో పగలంతా జీఐ పైపులు అతికాను. దూదిపింజల్లాంటి తెల్ల పొడి గాలిలో తేలుతూ నా చొక్కా మీద వాలింది. నోట్లో లోహపు రుచి తగిలినా పట్టించుకోలేదు. రాత్రి చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి, ఒళ్లంతా నొప్పులు. ఏదో విషజ్వరం అనుకున్నాను. మర్నాడు సాయంత్రానికి పోయింది. వెల్డర్లకు బాగా తెలిసిన లోహధూమ జ్వరం అది. పాలు తాగితే ఆ పొగ విషం విరిగిపోతుందని మా దగ్గర అందరూ నమ్మేవారు. పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి, పాలు వెళ్లేది కడుపులోకి. ఆ నమ్మకంతో ధైర్యంగా పొగ మింగినవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అతికే చోటుకు రెండు వైపులా రెండు మూడు అంగుళాల మేర పూతను గ్రైండర్‌తో తీసేయండి. పైపు లోపలి పూత చేతికి అందదు కాబట్టి ఆరుబయటే పని చేయండి. గాలి ఒక పక్క నుంచి వచ్చేలా నిలబడండి, పొగ పైకి లేచే దారిలో తల పెట్టకండి. గుడ్డ కట్టుకుంటే ఈ పొగ ఆగదు, లోహపు పొగను ఆపే ఫిల్టర్ మాస్కు (రెస్పిరేటర్), షీల్డు కింద పట్టేది దొరుకుతుంది. జ్వరం తగ్గింది కదా అని పొగను తేలికగా తీసుకోకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్ పొగలో ఉండే క్రోమియం మరీ చెడ్డది.

జిడ్డు పోవడానికి కొందరు బ్రేక్ క్లీనర్ చల్లుతారు. క్లోరిన్ ఉన్న ద్రావకం చల్లిన ఇనుము మీద ఆర్క్ వెలిగిస్తే ఆ వేడికి, ఆ కిరణాలకు ఫాస్జీన్ పుట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుగా వాడింది దీన్నే. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి సర్దుకున్నట్టే ఉంటుంది, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. జిడ్డును సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టుకోండి.

కరెంటు మాత్రం ఆలస్యం చేయదు. ఆర్క్ వెలగనప్పుడు రాడ్ బిగించే హోల్డర్ దగ్గర చాలా మెషిన్లలో 50 నుంచి 80 వోల్టుల దాకా ఉంటుంది. ఆరిన చర్మానికి అది పెద్దగా అనిపించకపోవచ్చు, చెమటతో తడిసిన చేతికి ప్రాణాంతకం కావచ్చు. మీ గుడ్డ గ్లౌజులు అరగంటలో తడిసి ముద్దవుతాయి. తోలు గ్లౌజులు కొనండి, తడిస్తే మార్చుకోవడానికి మరో జత ఉంచుకోండి. ఉత్త చేత్తో రాడ్ మార్చకండి, హోల్డర్‌ను చంకలో పెట్టుకోకండి, కేబుల్ భుజానికి చుట్టుకోకండి. పొడి చెక్క మీద నిలబడండి. ఎర్త్ క్లాంపును తుప్పు గీకిన చోట, అతుకుకు దగ్గరగా తగిలించండి. చినుకు పడితే ఆపేయండి. మెషిన్ మూత విప్పాలని ఎంత కుతూహలం ఉన్నా వద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ పని దగ్గరకు రాకూడదు.

నిప్పు గురించి ఒక్క సంగతి. ఒకరోజు పని ముగించి, నీళ్లు చల్లి, షెడ్డుకు తాళం వేసి వెళ్లిపోయాం. మరిచిపోయిన సంచి కోసం నలభై నిమిషాలకు తిరిగి వస్తే తలుపు సందులోంచి పొగ. మేము అతికిన చోటుకు చాలా దూరంలో, మూలనున్న గోనెపట్టా లోపల్లోపల రాజుకుంటోంది. మంట లేదు, ఎర్రగా ఒక అంచు నెమ్మదిగా పాకుతోంది. రవ్వలు 35 అడుగుల దాకా, అంటే దాదాపు 11 మీటర్లు ఎగిరి పడగలవని ఆ తర్వాతే తెలుసుకున్నాను. ఆ మేరకు కాలేవన్నీ తీసేయండి, పని అయ్యాక గంటసేపు అక్కడే ఉండి గమనించండి. పక్కన నీళ్ల బకెట్ ఉంచుకోండి, కానీ మెషిన్ మీద, కరెంటు ఉన్నచోట పోయకండి. పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అంటుకుంటాయి, మందపాటి నూలు బట్టలు వేసుకోండి, ప్యాంటు అంచులు బూట్ల పైకి రావాలి, జేబులో లైటర్ ఉండకూడదు. పాత నూనె డ్రమ్ము ఎంత కడిగినా దాని మీద వెల్డింగ్ చేయకండి.

ఇప్పుడు ఈ రాత్రి సంగతి. మధ్యాహ్నం పది నిమిషాలు ఆర్క్ చూశారు కాబట్టి అర్ధరాత్రికి కళ్లు గరగరలాడే అవకాశం ఉంది. భయపడకండి, కానీ రుద్దకండి. నేను రుద్దుకుని బాధ పెంచుకున్నాను. కాంటాక్టు లెన్సులు ఉంటే ఇప్పుడే తీసేయండి. దీపాలు ఆర్పి, చల్లటి నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ మూసిన రెప్పల మీద వేసుకోండి. నొప్పికి మీకు సరిపడే మామూలు మాత్ర వేసుకోవచ్చు. ఇంట్లో మిగిలిన పాత చుక్కలేవీ వేయకండి. చూపు మసకబారినా, నొప్పి భరించలేనంతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఈ రోజు గ్రైండర్ కూడా వాడి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఇనుప రజను ఇరుక్కున్నా కన్ను ఇలాగే గరగరలాడుతుంది, దాన్ని ఆయనే తీయాలి.