పక్క మీద అటు తిరిగితే గది గిర్రున తిరిగినట్టు ఎందుకు అనిపిస్తుంది?

పక్కకు తిరగగానే గది గిర్రున తిరిగి, నిమిషంలోపే సర్దుకుంటుంటే చాలావరకు కారణం లోపలి చెవే. అక్కడ సన్నటి కాల్షియం స్ఫటికాలు ఉంటాయి. అవి తమ చోటు నుంచి ఊడి, ద్రవం నిండిన అర్ధవృత్తాకార నాళాల్లోకి జారితే, తల కదిపినప్పుడల్లా ఆ ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా ఇంకా తిరుగుతోందని మెదడుకు తప్పుడు కబురు వెళ్తుంది. ఆ కాసేపు కనుగుడ్లు కూడా వాటంతటవే కొట్టుకుంటాయి, ఎదుటివాళ్లు గమనించవచ్చు.

ఉదాహరణకు, పై అరలో డబ్బా అందుకోవడానికి తల వెనక్కి వంచగానే తూలడం కూడా ఇలాంటిదే కావచ్చు. అదే మంచం మీద నుంచి గబుక్కున లేవగానే కళ్లు చీకట్లు కమ్మితే వేరే సంగతి, అది బీపీ పడిపోవడం కావచ్చు.

చాలామంది చెవి వల్ల వచ్చే ఈ తల తిరుగుడును నీరసమనో, మెడ ఎముకల అరుగుదలనో అనుకుని నెలల తరబడి మాత్రలు వాడేస్తారు. నిజానికి డాక్టర్ తలను ఒక వరుసలో తిప్పే ఎప్లీ పద్ధతితో స్ఫటికాలు వెనక్కి చేరి ఎక్కువమందికి తగ్గిపోతుంది. తల తిరగడంతో పాటు మాట తడబడినా, చేయి పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా మాత్రం అది చెవి సమస్య అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.