పట్టుపురుగు ఒంట్లోనే మందుంటే రోగాలెందుకు వస్తాయి?

పట్టుపురుగులో బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్లు, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలు, ఉంటాయని చదివానని, అవి ఎలా చంపుతాయని, అవి ఉండగా మీ షెడ్డులో పురుగులు ఎందుకు చస్తున్నాయని అడిగారు. మాది మడకశిర వైపు, నాయన కాలం నుంచి పట్టు పెంపకమే ఆధారం. నేను అనంతపురం ఎస్‌కే యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివాను.

మీరు చదివింది నిజమే. 1981లో స్వీడన్‌లో హాన్స్ బోమన్ బృందం ఒక అమెరికా పట్టుచిలుక ప్యూపాల్లోకి బ్యాక్టీరియాను ఎక్కించి, తర్వాత వాటి రక్తం నుంచి సెక్రోపిన్లనే పెప్టైడ్లను వేరుచేసింది. మన పట్టుపురుగులోనూ సెక్రోపిన్లున్నాయి. 1995లో దీంట్లోనే మోరిసిన్ అనే ఇంకొకటి దొరికింది, 42 అమైనో ఆమ్లాల గొలుసు. మనకున్నట్టు పురుగుకు యాంటీబాడీలుండవు కాబట్టి దానికి ఇవి చాలా ముఖ్యం.

అసలు అందమంతా ఇవి చంపే తీరులో ఉంది. బ్యాక్టీరియా పైపొరకు నెగటివ్ చార్జ్ ఎక్కువ, పెప్టైడ్‌కు పాజిటివ్ చార్జ్. అందుకే వెళ్లి అతుక్కుంటుంది. పురుగు సొంత కణాల పైపొరకు అంత చార్జ్ ఉండదు, వాటి జోలికి పెద్దగా పోదు. అతుక్కున్నాక పెప్టైడ్ మెలి తిరుగుతుంది: ఒక పక్క నీళ్లను, ఇంకో పక్క కొవ్వును ఇష్టపడుతుంది. ఆ రెండో పక్క పొరలోని కొవ్వులోకి దిగుతుంది. ఒకటీ అరా ఉంటే ఏమీ కాదు. గుంపు పెరిగాక పొరకు రంధ్రాలు పడతాయి, లేదా సబ్బు జిడ్డును విడగొట్టినట్టు పొరే ముక్కలవుతుంది. లోపలి పొటాషియం బయటికి కారిపోయి, శక్తి తయారీ ఆగి, బ్యాక్టీరియా నిమిషాల్లోనే చస్తుంది. దీన్ని తప్పించుకోవడం దానికి కష్టమే. కానీ స్టెఫిలోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియాలు పొరలోని కొవ్వుకు పాజిటివ్ చార్జ్ ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగిలించి నెగటివ్ చార్జ్ తగ్గించుకుంటాయి.

ఇక మీ షెడ్డు సంగతి. ఈ పెప్టైడ్లు ముఖ్యంగా పురుగు రక్తంలో పనిచేస్తాయి, అదీ బ్యాక్టీరియా చొరబడిన కొన్ని గంటలకు తయారవుతాయి. ఎండలు ముదిరి, ఆకు వాడి, పడక తడిగా ఉంటే పురుగు నీరసిస్తుంది. పేగులో బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి రక్తంలోకి వస్తే ఉన్న పెప్టైడ్ చాలదు. ఒళ్లు మెత్తబడి, నల్లబడి, కంపు కొడుతుంది. పాలరోగం వేరు, అది వైరస్. కణాల లోపల పెరుగుతుంది కాబట్టి బ్యాక్టీరియా పొరను చీల్చే ఆయుధం అక్కడ పనికిరాదు. కణుపులు ఉబ్బి, పడక అంచున తిరుగుతూ, చర్మం చిట్లితే పాల రంగు ద్రవం కారుతుంది. ఆ చుక్క పడిన ఆకు తిన్న పురుగుకూ అంటుతుంది. మా అమ్మ అలాంటిదాన్ని చేత్తో ముట్టుకోదు, పుల్లతో తీసి బ్లీచింగ్ నీళ్ల డబ్బాలో వేస్తుంది.

ఆకు మీద యాంటీబయాటిక్ చల్లమని ఎవరైనా చెబితే ముందు ఏ రోగమో తేల్చుకోండి, పాలరోగానికైతే ఆ డబ్బు వృథా. మీ పురుగులు ఏ జ్వరం (పొర విడిచే దశ) తర్వాత చస్తున్నాయో, ఒళ్లు నల్లబడుతోందో పాల ద్రవం కారుతోందో, మధ్యాహ్నం షెడ్డులో ఎన్ని డిగ్రీలు ఉంటోందో రాయండి.